పనిచేసే చోట పరిహాసం

ఈ భాగం చదివాక పనిస్థలంలో నవ్వుకు ఉన్న సామాజిక ప్రయోజనాన్ని మీరు వివరించగలుగుతారు. ‘పరిహాస సంబంధం’ అనే భావనను మన బంధుత్వాల నుంచి ఉదాహరణలిస్తూ చెప్పగలుగుతారు. ఒక పరిహాసం ఎక్కడ అవమానంగా మారుతుందో గుర్తించగలుగుతారు. ఈ విషయంలో చట్టం ఎక్కడ జోక్యం చేసుకుంటుందో కూడా స్థూలంగా తెలుస్తుంది.

1. పరిచయం

పారిశ్రామిక సమాజశాస్త్రం అనగానే వేతనాలు, పనిగంటలు, కార్మిక సంఘాలు, సమ్మెలు గుర్తుకొస్తాయి. ఇవన్నీ ముఖ్యమైనవే. అయితే మీలో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ ఈ చదువు కొనసాగిస్తున్నవారు. పనిచేసే చోట రోజంతా వినిపించేది వేతనాల చర్చ కాదని మీకు తెలుసు. ఎవరో ఒకరిని ఆటపట్టిస్తుంటారు. కొత్తగా చేరిన కుర్రవాణ్ణి లేని వస్తువు తెమ్మని స్టోరుకు పంపుతారు. ఒకరి టిఫిన్ డబ్బా దాచేస్తారు. పై అధికారి నడకను ఆయన వెళ్ళిపోయాక అనుకరిస్తారు. వీటిని పనికి అడ్డం వచ్చే చిల్లర వ్యవహారాలుగా చూసి పాఠ్యగ్రంథాలు చాలాకాలం పక్కన పెట్టాయి. అది పొరపాటని తర్వాతి పరిశోధనలు చూపాయి.

ముందుగా మాటల సంగతి చూద్దాం. నవ్వు, నవ్వించడం గురించి తెలుగులో ఎన్ని పదాలున్నాయో గమనించండి: హాస్యం, పరిహాసం, సరసం, మేలమాడటం, ఆటపట్టించడం, వేళాకోళం, ఎకసెక్కెం, వెటకారం, ఎగతాళి, గేలి, ఎద్దేవా, అపహాస్యం. ఇవన్నీ పర్యాయపదాలని నిఘంటువు చూసి అనుకోవచ్చు, కానీ వాడుకలో అలా కాదు. సరసమాడటానికి ఇద్దరూ సిద్ధంగా ఉండాలి. ఆటపట్టించడంలో ఒకరు ఆడితే ఇంకొకరు చిక్కుతారు, అయినా చనువు మిగిలే ఉంటుంది. ఎగతాళి దగ్గరకు వచ్చేసరికి ఆ చనువు పోతుంది. అపహాస్యంలో ఎదుటివాడికి చోటే ఉండదు, అతను లేకపోయినా అది సాగుతుంది. ఇంగ్లీషులో వచ్చిన పరిశోధనలన్నిటినీ ‘జోకు’ అనే ఒక్క మాటతో తెలుగులోకి తెచ్చుకుంటే ఈ తేడా మాయమవుతుంది. ఈ పాఠంలో మనకు కావలసింది ఆ తేడాయే.

2. అరటిపండు వేళ

డొనాల్డ్ రాయ్ అమెరికాకు చెందిన సమాజశాస్త్రవేత్త. దూరంగా నిలబడి ప్రశ్నావళులు పంచే పద్ధతి ఆయనకు నచ్చేది కాదు. తానే కార్మికుడిగా చేరి, యంత్రం మీద పనిచేస్తూ, చూసినదాన్ని రాసుకునేవాడు. ఇలాంటి పద్ధతిని ‘సహభాగి పరిశీలన’ అంటారని పరిశోధనా పద్ధతుల పాఠంలో చదివే ఉంటారు. 1959-60లో ‘హ్యూమన్ ఆర్గనైజేషన్’ అనే పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం పేరు ‘బనానా టైమ్’. ఈ రంగంలో ఇంత సరదాగా చదివించే వ్యాసం మరొకటి నేను చూడలేదు.

ఒక ఫ్యాక్టరీలో మిగతావారికి దూరంగా ఉన్న ఒక గది. అందులో రాయ్‌తో కలిపి నలుగురు. వ్యాసంలో మిగతా ముగ్గురినీ ఆయన జార్జి, ఐక్, సామీ అని పిలిచాడు. యంత్రం కింద రేకు పెట్టడం, అచ్చు మోపడం, మీట నొక్కడం, ముక్క తీయడం, మళ్ళీ రేకు పెట్టడం. పని అంతే. మొదటి రోజుల్లో ఆ విసుగును భరించలేక పని మానేద్దామా అనుకున్నానని రాయ్ రాశాడు. తనలో తాను చిన్న చిన్న ఆటలు కల్పించుకున్నాడు: ఇన్ని ముక్కలు ఒక రంగులో కోశాక రంగు మార్చడం లాంటివి. వాటివల్ల కొంత ఊరట కలిగింది. అసలు మార్పు మాత్రం పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో వినడం మొదలుపెట్టాకే వచ్చింది.

అంతవరకూ పిచ్చిమాటలుగా, పిల్లచేష్టలుగా కనిపించినవాటిలో ఒక క్రమం ఉందని ఆయన గ్రహించాడు. ఒక వేళకు సామీ తన డబ్బాలోంచి పీచ్ పళ్ళు తీసి అందరికీ పంచేవాడు. పండు బాగాలేదని ఐక్ సణిగేవాడు. కొంతసేపటికి ‘అరటిపండు వేళ’ వచ్చేది. సామీ భోజనానికి తెచ్చుకున్న ఒకే ఒక్క అరటిపండును ఐక్ దొంగిలించి, “అరటిపండు వేళయింది!” అని గట్టిగా కేకపెట్టి, తానే మింగేసేవాడు. సామీ మొత్తుకునేవాడు. జార్జి ఐక్‌ను మందలించేవాడు, అంత రభస చేసినందుకు సామీనీ చీవాట్లు పెట్టేవాడు. తర్వాత ‘కిటికీ వేళ’. ఐక్ కిటికీ తెరిచి చలిగాలి సామీ మీదికి వదిలేవాడు. మంచినీళ్ళకో మరొకదానికో సామీ లేచి వెళ్తే అతని యంత్రానికి కరెంటు ఆపేసేవాడు. సామీ తిరిగొచ్చి మీట నొక్కి, అది కదలక, మళ్ళీ మొత్తుకునేవాడు. రోజూ ఇదే తంతు.

ఇక్కడ ఒక్క విషయం మీద దృష్టి పెట్టండి. సామీ ఆ అరటిపండును ఒక్కరోజూ తినలేదు. అయినా మర్నాడు మళ్ళీ తెచ్చుకునేవాడు.

ఎందుకు? రాయ్ సమాధానం ఇది. ఈ ‘వేళలు’ గడవని రోజును ముక్కలుగా విడగొట్టాయి. పీచ్ పళ్ళ వేళ అయ్యాక అరటిపండు వేళ కోసం, అది అయ్యాక కిటికీ వేళ కోసం ఎదురుచూడటం. ఒక రభస అయ్యాక దాని గురించిన మాటలతో మరో గంట గడిచేది. అలసట తగ్గింది, పనిలో మిగిలారు. యాజమాన్యం ఇవ్వని విరామాన్ని ఆ ముగ్గురూ తమలో తాము తయారుచేసుకున్నారు. సామీ అందులో బాధితుడి పాత్రధారి. కానీ ఆ పాత్ర లేకపోతే నాటకమే లేదు. అతని మొత్తుకోలు కూడా అందులో ఒక సంభాషణే. అందుకే అరటిపండు తేవడం మానలేదు.

నాకు ఇందులో కొంత సందేహం ఉంది, దాన్నీ చెప్పాలి. సామీ మనసులో ఏముందో సామీ రాయలేదు, రాయ్ రాశాడు. ఆటలో చిక్కినవాడి తరఫు కథ ఇలాంటి అధ్యయనాల్లో తరచూ రెండో చేతినుంచే మనకు అందుతుంది. పరిశోధన చదివేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

అయితే రాయ్ నిజాయితీపరుడు. తన పొరపాటును కూడా దాచలేదు. ఆ గదిలో జార్జికి పెద్దరికం ఉండేది. అతని కూతురు ఒక కళాశాల ఆచార్యుడి కొడుకును పెళ్ళాడింది. మన మాటల్లో చెప్పాలంటే ఆ ఆచార్యుడు జార్జికి వియ్యంకుడు. జార్జి ఆ సంబంధం గురించి గర్వంగా చెప్పుకునేవాడు, మిగతా ఇద్దరూ శ్రద్ధగా వినేవారు. గదిలో సాగే మాటల్లో అన్నిటినీ తేలికగా తీసుకునేవారు గానీ ఆ ఒక్కదాన్నీ ఎవరూ ముట్టుకునేవారు కాదు. రాయ్‌కు అది తట్టలేదు. ఆ ఆచార్యుడు నిజానికి క్షౌరం నేర్పే బడిలో పాఠాలు చెబుతున్నాడని ఒక హాస్యం కల్పించాడు. ఆ మాట గదిలో పడింది. జార్జి ముఖం మారిపోయింది.

తర్వాత ఏమైందో చూడండి. జార్జి మాట్లాడటం మానేశాడు. పీచ్ పళ్ళు లేవు, అరటిపండు కేక లేదు, కిటికీ గొడవ లేదు. చాలా రోజులపాటు ఎవరి యంత్రం ముందు వాళ్ళు మౌనంగా నిలబడ్డారు. మొదటి రోజుల్లో రాయ్‌ను పీడించిన కాళ్ళనొప్పులు, విసుగు తిరిగొచ్చాయి. యంత్రాలు అవే, పని అదే, జీతం అదే. లేనిది నవ్వు ఒక్కటే. ప్రయోగశాలలో కట్టుదిట్టంగా చేసిన ప్రయోగం కూడా ఇంత స్పష్టమైన ఫలితం ఇవ్వదేమో!

ఆ హాస్యం అంతగా ఎందుకు గుచ్చుకుంది? అరటిపండు పోతే పోయింది పండే, సామీ గౌరవం కాదు. వియ్యంకుడి విషయంలో జార్జి పరువే పోయింది. మరొకటి కూడా ఉంది. క్షౌరవృత్తి తక్కువదన్న భావం వినేవారి మనసుల్లో ముందే ఉంటేనే ఆ మాటకు నవ్వు వస్తుంది. మన సమాజంలో వృత్తికీ కులానికీ ఉన్న ముడి మీకు తెలుసు. అలాంటి మాట మన కార్యాలయంలో పడితే, గదిలో లేని మనుషులకు కూడా తగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సామీ, జార్జి ఇద్దరూ పరిహాసానికి గురైనవారే. ఒకరు మర్నాడు మళ్ళీ అరటిపండు తెచ్చుకోవడానికీ, మరొకరు మౌనం పాటించడానికీ కారణాలేమిటి? పది వాక్యాలకు మించకుండా రాయండి.

3. బావ వరసకు ఉన్న హక్కు

ఎవరు ఎవరిని ఆటపట్టించవచ్చు? ఈ ప్రశ్నను మొదట శాస్త్రీయంగా వేసినవారు మానవశాస్త్రవేత్తలు. ఎ.ఆర్. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ‘ఆఫ్రికా’ అనే పత్రికలో పరిహాస సంబంధాల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆయన ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: ఇద్దరు వ్యక్తుల మధ్య ఒకరు మరొకరిని గేలిచేయడానికి ఆచారం అనుమతిస్తుంది, కొన్నిచోట్ల చేసితీరాలంటుంది. అవతలివారు కోపం తెచ్చుకోకూడదు. ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకునేది ఒక రకం. ఒకరు అంటుంటే మరొకరు పడి ఊరుకునేది, లేదా కొద్దిగా మాత్రమే బదులిచ్చేది రెండో రకం.

ఈ సిద్ధాంతం అర్థం చేసుకోవడానికి మనం ఆఫ్రికా దాకా వెళ్ళనక్కర్లేదు. మేనరికాలున్న తెలుగు సమాజంలో పుట్టినవారికి ఇది ఇంట్లో విషయమే. బావామరదళ్ళు, బావా బావమరుదులు, వదినామరదళ్ళు సరసమాడుకుంటారు. ఆడుకోకపోతేనే ఏదో తేడా వచ్చిందనుకుంటారు. పెళ్ళికొడుకు చెప్పులు మరదళ్ళు దాచి డబ్బు అడిగితే ఎవరూ దొంగతనమనరు. వియ్యాలవారిని దెప్పుతూ పాటలు పాడితే వినేవారు నవ్వుతూ వినాలి. అదే చెప్పులను పెళ్ళికొడుకు మామగారివి దాచి చూడమనండి! అత్తా అల్లుళ్ళ మధ్య, మామా కోడళ్ళ మధ్య ఉండేది దూరం, బిడియం. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ గమనించిన అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ చనువూ ఆ దూరమూ పైకి పూర్తిగా విరుద్ధంగా కనిపించినా, రెండూ ఒకే చిక్కుకు పరిష్కారాలు. పెళ్ళివల్ల రెండు కుటుంబాలు దగ్గరవుతాయి, కానీ వేర్వేరు కుటుంబాలుగానే ఉంటాయి. ప్రయోజనాలు ఒకచోట కలుస్తాయి, ఇంకోచోట ఢీకొంటాయి. తగవు రాకుండా ఉండాలంటే ఒకరికొకరు ఎడంగానైనా ఉండాలి, లేదా తగవునే ఆటగా మార్చుకోవాలి.

ఈ సూత్రాన్ని పమేలా బ్రాడ్నీ లండన్‌లోని ఒక పెద్ద దుకాణంలో పరీక్షించి 1957లో ప్రచురించింది. అక్కడి అమ్మకందారులు ఒకరికొకరు పోటీదారులు. వచ్చిన ఖాతాదారు ఒకరి దగ్గర కొంటే మరొకరికి ఆ అమ్మకం పోయినట్టే. అయినా ఒకే విభాగంలో రోజంతా ఒకరికొకరు సాయపడుతూ నిలబడాలి. కలిసి ఉండకా తప్పదు, పోటీపడకా తప్పదు. వాళ్ళు దీన్ని పరస్పర పరిహాసంతోనే నెట్టుకొస్తున్నారని ఆమె చూపింది. సాటివారి మధ్య సాగిన పరిహాసం పై హోదావారితో అదే తీరులో సాగలేదు.

మన కార్యాలయాల్లో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. చుట్టరికం ఏమీ లేని ఇద్దరు సహోద్యోగులు ఒకరినొకరు “బావా” అని పిలుచుకుంటారు. ఆ పిలుపు ఊరికే రాలేదు. దానితోపాటు ఆటపట్టించే హక్కునూ, పడి ఊరుకునే బాధ్యతనూ ఇద్దరూ ఒప్పుకున్నట్టు. “అన్నా” అని పిలిచినవాణ్ణి అంత దూరం లాగరు. “సార్” అని పిలిచేవాడి ఎదుట వేళాకోళమే ఉండదు. ఈ వరస ఒకవైపు నుంచే వస్తే మాత్రం అనుమానించాలి. పెద్ద ఉద్యోగి చిన్న ఉద్యోగిని “ఏం బావా” అని భుజం తట్టి నలుగురిలో ఆటపట్టిస్తాడు. చిన్న ఉద్యోగి “సార్” అంటూనే నవ్వుతాడు. వరస కలిసినట్టు కనిపిస్తుంది గానీ కలవలేదు.

4. నవ్వు ఎటు ప్రవహిస్తుంది

భరతుడి నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆరు విధాలుగా చెబుతుంది. స్మితం, హసితం ఉత్తమ పాత్రలకు. విహసితం, ఉపహసితం మధ్యమ పాత్రలకు. అపహసితం, అతిహసితం అధమ పాత్రలకు. ఎవరు ఎంత పెద్దగా నవ్వాలో కూడా అంతస్తును బట్టి ఉంటుందని నాటకం రాసేవారికి చెప్పిన సూత్రమది. ఎవరు నవ్వించవచ్చు అన్నది దాని పక్కనే ఉండే ప్రశ్న.

రోజ్ కోజర్ అనే సమాజశాస్త్రవేత్త ఒక మానసిక వైద్యశాలలో వైద్యుల సమావేశాలకు హాజరై, ఎవరు చమత్కరించారు, ఎవరి మీద చమత్కరించారు అన్నది లెక్కపెట్టింది. ఆ ఫలితాలు 1960లో వెలువడ్డాయి. సీనియర్ వైద్యులే ఎక్కువగా చమత్కరించారు. వారి చమత్కారాలకు తరచూ గురి అయినవారు జూనియర్లు. జూనియర్లు చమత్కరించినప్పుడు రోగులనో, రోగుల బంధువులనో, తమనో గురి చేసుకున్నారు. సమావేశంలో కూర్చున్న ఒక్క సీనియర్ మీద కూడా ఒక్క జూనియరూ హాస్యమాడలేదు. మహిళలు దాదాపు నవ్వించలేదు, నవ్వడం మాత్రం బాగా నవ్వారు. మహిళలకు హాస్యప్రియత్వం లేదని దీనికి అర్థం కాదు. నీరు పల్లానికి పారినట్టు ఆ గదిలో హాస్యం కిందికి పారిందని మాత్రమే అర్థం.

దీనికి నా అనుభవంలోంచి ఒక ఉదాహరణ చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, నేను పనిచేసే కళాశాలలో ఒక ఏప్రిల్ 1వ తేదీన కొందరు అధ్యాపకులం కలిసి ఒక బదిలీ ఉత్తర్వు టైపు చేయించాం. నెంబరు, తేదీ, ‘ప్రజాప్రయోజనం దృష్ట్యా’ అన్న మాట, కింద గీసిన సంతకం, అన్నీ సరిగ్గా కుదిరాయి. అది మా అటెండరు పేరిట, జిల్లా చివరనున్న ఒక ఊరికి. ఆయన వయసు అప్పటికి యాభై దాటింది. కాగితం తీసుకున్నాడు, రెండుసార్లు చదివించుకున్నాడు, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాడు. చేతిలో కూతురి బడి నుంచి తెచ్చిన టీసీ దరఖాస్తు ఫారం ఉంది. దాన్ని నింపిపెట్టమని నా దగ్గరకే తెచ్చాడు. అప్పుడు ఎవరో “ఏప్రిల్ ఫూల్!” అన్నారు. గది ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆయనా నవ్వాడు, టీ తేవడానికి వెళ్ళాడు.

ఆయన నవ్వాడు కదా అని మేం సమాధానపడ్డాం. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆయన ఏ కాగితం మీదా వెంటనే సంతకం చేసేవాడు కాదు. బకాయిల బిల్లు వచ్చినా, సెలవు మంజూరు కాగితం వచ్చినా, ముందు పెద్ద గుమాస్తా దగ్గరకు తీసుకెళ్ళి “ఇది నిజమైనదేనా అండీ?” అని అడిగి, ఆ తర్వాతే వేలు పెట్టేవాడు. ఆ ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను.

ఈ ఉదాహరణను జార్జి గదితో పోల్చండి. జార్జి కోపగించుకుని మౌనంగా ఉండగలిగాడు, ఆయన మౌనం గదినంతా శిక్షించింది. మా అటెండరుకు ఆ వీలు కూడా లేదు. ఆయన మాట్లాడకపోతే పొగరు అనేవాళ్ళం. కనుక ఒక పరిహాసాన్ని అంచనా వేయాలంటే దాన్ని తిరగేసి చూడాలి. అటెండరు అలాంటి ఉత్తర్వే టైపు చేయించి ప్రిన్సిపాలుగారి బల్లమీద పెట్టి ఉంటే ఏమయ్యేది? ఆ మధ్యాహ్నానికి ఆయనకు మెమో వచ్చేది, నిజమైన మెమో. తిరగేస్తే నిలవని పరిహాసానికి వరస కుదరలేదన్నమాట. ‘ఆయన కూడా నవ్వాడు’ అన్నది సాక్ష్యం కాదు. కిందిస్థాయి ఉద్యోగి నవ్వు చాలాసార్లు ఉద్యోగంలో భాగం.

పైకి ఎక్కే హాస్యం అసలు లేదని కాదు. అది చాటుగా ఎక్కుతుంది. డేవిడ్ కాలిన్సన్ వాయవ్య ఇంగ్లండ్‌లో లారీలు తయారుచేసే ఒక కర్మాగారాన్ని పరిశీలించి 1988లో రాసిన వ్యాసంలో, యాజమాన్యం కార్మికుల కోసం అచ్చువేసిన పత్రికకు కార్మికులు ‘గోబెల్స్ గెజిట్’ అని పేరు పెట్టుకున్నారని చెప్పాడు. నాజీ ప్రచార మంత్రి పేరు అది. ఒక్క పేరుతో పత్రిక మొత్తాన్నీ కొట్టిపారేశారు! కానీ అదే కార్మికులు కొత్తగా చేరిన కుర్రాళ్ళను ఏడిపించడంలో, పని తక్కువ చేసి బృందం బోనస్‌కు గండికొట్టేవాణ్ణి మాటలతో పొడవడంలో కూడా అంతే చురుకు. తట్టుకున్నవాడు మగవాడు, తట్టుకోలేనివాడు పనికిరాడు. యాజమాన్యం మీద తిరుగుబాటు చేసిన నవ్వే సాటి కార్మికుడి మీద పెత్తనం కూడా చేసింది.

5. ఒంటి మీదికి వచ్చే ‘సరదా’

ఫ్యాక్టరీల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసే విద్యార్థులు ఈ భాగాన్ని ప్రత్యేకంగా చదవాలి. యంత్రాల దుమ్ము ఊదడానికి వాడే గాలి పైపును సరదాకి తోటి కార్మికుడి వెనుకభాగాన పెట్టి గాలి వదలడం వల్ల మరణాలు సంభవించిన ఘటనలు మన దేశంలో ఒకటి రెండు కాదు. గొట్టంలోని గాలి ఒత్తిడి మనిషి పేగు తట్టుకోగల ఒత్తిడికి అనేక రెట్లు ఉంటుంది. బట్టల మీదనుంచి వదిలినా లోపలికి పోగలదు. సెకన్లలో పేగు చిట్లుతుంది, లోపలి మలినం పొట్టలో వ్యాపిస్తుంది. పైకి గాయం కనిపించకపోవడంతో ఆస్పత్రికి చేర్చడం ఆలస్యమవుతుంది. పోలీసుల ముందు తరచూ వినిపించే మాట ఒక్కటే: “ఆటకు చేశాం.”

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 111వ సెక్షన్, తనకుగానీ ఇతరులకుగానీ ప్రమాదం కలిగించే పనిని సహేతుక కారణం లేకుండా కావాలని చేయకూడదని కార్మికుడికే నేరుగా విధి విధించేది. ఐక్ సామీ యంత్రానికి కరెంటు ఆపడం నవ్వుకునేదే. ఆపిన కరెంటును సామీ చేయి అచ్చు కింద ఉండగా తిరిగి ఇచ్చి ఉంటే ఆ వ్యాసం మరోలా ఉండేది.

6. చట్టం ఎక్కడ వస్తుంది

ర్యాగింగ్ నిషేధ చట్టం ఉద్యోగులకు కూడా వర్తిస్తుందని కొందరు విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం విద్యార్థుల రక్షణకు చేసినది. పనిస్థలంలో పరిహాసానికి ప్రత్యేక చట్టమేదీ లేదు, వేర్వేరు చట్టాలు వేర్వేరు వైపుల నుంచి దాన్ని తాకుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మహిళలపై లైంగిక వేధింపులకు సంబంధించినది. 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఈ విశాఖ మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌కు సంబంధించిన ఆ కేసు వేసిన మహిళా సంస్థ పేరు. వాటి ఆధారంగా పార్లమెంటు 2013లో చట్టం చేసింది. లైంగిక ధోరణితో కూడిన వ్యాఖ్యలు, చేష్టలు అవతలి మహిళకు ‘ఇష్టంలేనివి’ అయితే వేధింపే. అన్నవాడు నవ్వించడానికే అన్నాడా, కాదా అన్నదానిమీద నిర్వచనం ఆధారపడలేదు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకు తక్కువమంది ఉన్నచోట పనిచేసేవారు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచవచ్చు. ‘అందరితోపాటు ఆమె కూడా నవ్వింది’ అన్న వాదన గురించి పైన నాలుగో విభాగంలో చెప్పుకున్నాం.

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఆ వర్గాలకు చెందిన వ్యక్తిని అవమానించాలన్న ఉద్దేశంతో, ప్రజల దృష్టిలో పడే చోట, కించపరచడం లేదా కులం పేరుతో దూషించడం దాని ప్రకారం శిక్షార్హం. ఇక్కడ ఉద్దేశాన్ని కోర్టు పరిశీలిస్తుంది. అయితే శిక్షార్హం కాని మాటలన్నీ నిరపాయకరమని అనుకోకండి. పదోన్నతి వచ్చిన సహోద్యోగికి స్వీట్లు పంచే వేళ ‘రోస్టర్ పుణ్యం’ అంటూ విసిరే మాట ఏ సెక్షన్ కిందా రాకపోవచ్చు. అది విన్నవాడు ఆ స్వీటు ఎలా మింగాడో ఆ చిరునవ్వులో కనిపించదు.

సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో కంప్యూటరును లాక్ చేయకుండా లేచి వెళ్తే, పక్కవాళ్ళు అతని మెయిల్ నుంచి ‘రేపు అందరికీ నా తరఫున పార్టీ’ అని పంపుతారు. ఇది అరటిపండు వేళకు దగ్గర చుట్టం. ఎవరైనా ఎవరికైనా చేయవచ్చు, పోయేది కొన్ని బిర్యానీలు, పైగా లాక్ చేసే అలవాటు అబ్బుతుంది. అదే మెయిల్ నుంచి ఒక మహిళా సహోద్యోగికి ప్రేమలేఖ పంపితే ఇద్దరు చిక్కుతారు, వారిలో ఒకరు ఆ ఆటలో ఎప్పుడూ చేరనే లేదు. ఇక వాట్సాప్ గ్రూపులో పెట్టే ఫోటోల సంగతి. టీ బల్ల దగ్గర అన్న మాట ఆ పూటతో పోతుంది. గ్రూపులో పెట్టినది పోదు, చూసినవారి జాబితాతో సహా ఉంటుంది.

7. అభ్యాసం

మీరు పనిచేసేచోట, పని లేనివారైతే మీరు తరచూ వెళ్ళే దుకాణం, బ్యాంకు లేదా బస్టాండు టీకొట్టు దగ్గర, ఒక వారంపాటు పరిహాసాలను గమనించండి. ప్రతిదానికీ నాలుగు విషయాలు రాసుకోండి: ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, వారు ఒకరినొకరు ఏ వరసతో లేదా ఏ పిలుపుతో పిలుచుకుంటారు, అవతలివారు బదులుగా ఏమన్నారు. పేర్లు రాయవద్దు, హోదాలు రాస్తే చాలు. బదులు రానిచోట ‘మౌనం’ అనో ‘నవ్వు’ అనో రాయండి. ఆ రెండిటినీ ఒకే గడిలో వేయకండి. వారం చివర ఆ కాగితాన్ని ముందేసుకుని, పరిహాసాలలో ఎన్ని సాటివారి మధ్య సాగాయో, ఎన్ని పైనుంచి కిందికి వచ్చాయో లెక్కించి, రెండు పేజీలకు మించకుండా నివేదిక తయారుచేసి మీ అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి. ఆ వారంలో మీరు స్వయంగా ఆడిన పరిహాసాలను కూడా లెక్కలోకి తీసుకోండి.